సేలం మాత్ర, ధర్మపురి మాత్ర

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు నన్ను తమిళనాడు ధర్మపురిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి రక్తపరీక్షల విభాగంలో సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. నా పైన పెథాలజిస్టు, కింద ఇద్దరు జూనియర్లు, అందరి మీదా రక్తకణాలు లెక్కపెట్టే యంత్రం. ఆ యంత్రం మాట నేను ఊరికే నమ్మేదాన్ని కాదు. మనుషుల మాటా అంతే. తర్వాత మోకాళ్ళు మొరాయించి గడువుకు ముందే విరమణ తీసుకున్నా, ఆ గుణం మాత్రం పోలేదు.

ఒక ఉదయం నాగమ్మగారి రక్తం వచ్చింది. కడత్తూరులో కిరాణా కొట్టు ఆమెది. జ్వరం, నోటినిండా పుళ్ళు. తెల్లకణాలు ఉండవలసినదానిలో పావు వంతు కూడా లేవు. అలాంటప్పుడు యంత్రం పొరబడిందేమో ముందు చూడాలి. గాజుపలక మీద రక్తం పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. యంత్రం చెప్పింది నిజమే. రిపోర్టు అచ్చయ్యేలోగా డాక్టరుకు ఫోన్ చేయడం నియమం. చేశాను. మూత్రంలో ఇన్‌ఫెక్షనుకు తానిచ్చిన సల్ఫా యాంటీబయాటిక్ మాత్రలు తప్ప ఇంకేమీ మింగడం లేదని ఆమె తమిళంలో ఒట్టు పెట్టిందన్నారాయన.

మరోసారి రక్తం తీయడానికి వార్డుకు వెళ్తే, నాగమ్మగారూ కోడలూ తెలుగులో పోట్లాడుకుంటున్నారు.

"పుండ్లు ఒంట్లో సూడుకి వచ్చినాయి. మజ్జిగ తాగితే పోతాయి. రేపు కడుపుతో ఉండే బిడ్డకు వళైకాప్పు, గాజులు తొడగను నేను పోవల్ల."

"ఆ సేలం మాత్ర సంగతన్నా డాక్టరుకు చెప్పండత్తా," అంది కోడలు సుధ.

"ఊరుకో మే! ఇంకో డాక్టరు దగ్గరికి పోతానని తెలిస్తే ఈయన మనసు నొచ్చుకోదా?"

"ఏం మాత్రమ్మా అది?" అన్నాను తెలుగులోనే.

ఆమె ఉలిక్కిపడింది. "మీరు మనోళ్ళా? చెప్పనేలేదే! కీళ్ళనొప్పికి, వారానికొకటి. అది కీళ్ళకు, ఇది మూత్రానికి. రెండూ యాడ కలుస్తాయి?"

కీళ్ళకు వారానికొకటి అనగానే అదే మాత్రో నాకు తెలిసిపోయింది. రెండూ ఎముక మజ్జలో కలుస్తాయి. క్రిములు పెరగడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని సల్ఫా మాత్ర అడ్డుకుంటుంది. ఆ కీళ్ళ మాత్ర మన కణాలకూ అదే అడ్డు పెడుతుంది. పైగా మొదటిది రెండోదాన్ని ఒంట్లోంచి త్వరగా బయటికి పోనివ్వదు. రెండూ ఒకటైతే తెల్లకణాల తయారీ పడిపోతుంది. రోగనిరోధక శక్తి అని మనం గొప్పగా చెప్పుకునేది చాలామటుకు ఆ కణాలే. పుళ్ళకు కారణం ఆమె చెప్పిన సూడు, అంటే ఒంట్లో వేడి, కాదు.

"ఆ జనంలో ఒకరు దగ్గినా చాలు. గాజులు తొడగను పోయి ఐసీయూలో పండుకుంటారా?" అన్నాను.

"నేను తొడగకుంటే ఎవరు తొడుగుతారు?"

"మీ కోడలికి చేతుల్లేవా?"

సుధ గోడవైపు తిరిగి నవ్వుకుంది. సేలం సంగతి నేను డాక్టరుకు చెప్పనంటేనే ఆసుపత్రిలో ఉంటానంది నాగమ్మగారు. సరేనని, నేరుగా వెళ్ళి చెప్పేశాను. నొచ్చుకునే తీరిక ఆయనకెక్కడిది? రెండు మాత్రలూ ఆపి, ఆ అడ్డును దాటించే ఫోలినిక్ ఆమ్లం ఇంజెక్షను మొదలుపెట్టి, జ్వరానికి యాంటీబయాటిక్ మార్చారు. మర్నాడు గాజులు కోడలే తొడిగింది. ఏ చేతికి ముందో, ఏ రంగు తర్వాతో వీడియో కాల్లో అత్తగారు మంచం మీంచి అదిలిస్తూనే ఉన్నారు. తెల్లకణాలు మెల్లగా పెరిగాయి.

అప్పటినుంచి సూది గుచ్చే ముందు, ఇంట్లో మాట్లాడే భాషేదో తెలుసుకుని, అందులోనే మందుల సంగతి అడిగేదాన్ని. యాంటీబయాటిక్ క్రిములను మాత్రమే తాకుతుందన్నది అపోహ. డాక్టర్ల మనసు సంగతి డాక్టర్లు చూసుకుంటారు. మీరు మింగే మాత్రలన్నీ బల్లమీద పెట్టండి.