పాలగుండ పూసే చోటు

పాలగుండ పూవును మొదటిసారి చూసినవాళ్లు దాదాపు అందరూ తప్పుగానే చూస్తారు. పైన గులాబి రంగు కుచ్చులా కనిపించేది పూవు కాదు, రంగు మారిన ఆకు. అసలు పూవు దాని కింద, ఆకుపచ్చ దొప్పల్లో, పసుపుగా, బొటనవేలి గోరంత ఉంటుంది. పొద్దున విచ్చుకుని సాయంత్రానికి వాడిపోతుంది. విజయనగరంలో నేను పాఠం చెప్పే కాలేజీలో ఏటా ఈ సంగతి చెబుతాను. కంటికి ఇంపుగా ఉన్నదాని దగ్గరే ఆగిపోకండి, చుట్టూ చూడండి అంటాను. ఆ మాట అనే అర్హత నాకు లేదని నాకు తెలుసు.

పాలగుండంటే మా వైపు తెలియనివాళ్లు తక్కువ. ఎండాకాలం కడుపులో మంటగా ఉంటే జావ కాచుకు తాగే తెల్లటి పిండి. అడవిలో పెరిగే, పసుపు జాతి మొక్క ఒకటి వేళ్ల చివర దుంపలు పెట్టుకుంటుంది. వాటిని నూరి, గుడ్డలో వడకట్టి, చేదు పోయేదాకా నీళ్లు మార్చి తేరిస్తే అడుగున ఆ పిండి మిగులుతుంది. ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు ప్రాజెక్టు కోసం ఆ మొక్కనే ఎంచుకున్నాను. పాతపట్నం దాటాక, కొండల కింద ఒక ఊళ్లో మా పెద్దమ్మ ఉండేది. చైత్రమాసంలో సంచీ సర్దుకుని ఆమె ఇంట్లో దిగాను.

పెద్దమ్మ నన్ను పక్కవీధిలోని ఇద్దరు తోడికోడళ్లకు అప్పగించింది. ఇద్దరివీ పక్కపక్క గుమ్మాలు, మధ్యలో ఒకటే అరుగు. ముప్ఫై ఏళ్లుగా కలిసి కొండెక్కి దుంపలు తవ్వేవాళ్లు, విస్తళ్లు కుట్టే అడ్డాకులు కోసేవాళ్లు. పెద్దామెది కటువు మాట. చిన్నామెది ఊరికే నవ్వే స్వభావం. ఇద్దర్నీ అత్తా అనే పిలిచాను.

"పూవు కోసం అంత పెద్ద సదువా? ఓలమ్మా, సదవకుండానే మేం తవ్వీస్తన్నాం కదా!" అని చిన్నామె నవ్వింది.

"నోరు ముయ్యే. కోడలు పూవుని కాయితం మీద అతికించుకుంతాది. నీ మొకం అతికిస్తాదేటి?" అంది పెద్దామె. ఆ మాటకి చిన్నామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

మర్నాడు తెల్లవారగానే ముగ్గురం కొండెక్కాం. అంతకు ముందు వారం ఒక వాన పడింది. గుగ్గిలం చెట్ల కింద, ఎండుటాకుల మధ్య, ఎక్కడా పచ్చదనం లేని నేలలోంచి నేరుగా పూలు లేచి ఉన్నాయి. కాండం లేదు, ఆకు లేదు. ముందటేడు నేలలో దాచుకున్న తిండితోనే ఆ మొక్క పూస్తుంది. ఆకు వానలతో వస్తుంది, పుష్యమాసానికి ఎండి మాయమవుతుంది. పుస్తకంలో చదివినదే, కానీ కళ్లతో చూస్తే నాకు ఒళ్లు పులకరించింది. మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

"ఇదిగో, ఈ పక్కంతా నాదే. సూసుకో. మేం ఆకు కోసుకొస్తాం," అని పెద్దామె చిన్నామెను వెంటబెట్టుకుని పైకి వెళ్లిపోయింది.

ఆ పూవుకి కండ ఎక్కువ. కోసిన వెంటనే కాగితాల మధ్య అణచకపోతే నల్లబడుతుంది. పూలను అణచడానికి తెచ్చుకున్న చెక్క ప్రెస్సు తాడు ఆ పొద్దునే తెగిపోయింది. పూలను న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, బరువు కోసం చుట్టూ చూశాను. పూల మధ్య అక్కడక్కడా అరచేతంత నున్నటి రాళ్లు కనిపించాయి. అన్నీ ఏరుకొచ్చి కాగితాల మీద పేర్చాను. మధ్యాహ్నం ఇంకాస్త కిందికి, వాగు ఒడ్డున నీడలోకి, కట్టలతో పాటు ఆ రాళ్లను కూడా మోసుకెళ్లాను. సాయంత్రం కట్టలు సర్దుకుని, రాళ్లను వాగు పక్కనే వదిలేసి దిగిపోయాను.

అవి వాగులో నీళ్లకు అరిగిన రాళ్లు. వాగు కింద ఉంది, పూలు పైన గట్టు మీద ఉన్నాయి. ఆ రాళ్లు అంత పైకి ఎలా వచ్చాయని నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. ఒక్కో పూవుకి ఎన్ని దొప్పలున్నాయో లెక్కపెట్టి రాసుకున్న మనిషిని నేను.

శ్రావణంలో ఆకు కోసం మళ్లీ వెళ్లాను. నాట్ల రోజులు, ఊళ్లో ఆడవాళ్లందరూ మళ్లలో ఉన్నారు. ఒక్కదాన్నే ఎక్కి ఆకులు తెచ్చుకున్నాను.

దుంపల కోసం మూడోసారి మాఘమాసంలో వెళ్లేసరికి అరుగు మధ్యలో తాటాకు తడిక నిలబెట్టి ఉంది. పెద్దామె నన్ను చూసి తనవైపు కూర్చోమంది. అవతల వినబడేలా గొంతు పెంచి చెప్పింది.

"పూసినప్పుడే వాగులోంచి రాళ్లు తెచ్చి పక్కన పెడతాం కోడలా. ఆకు ఎండిపోనాక నేల మీద ఏటి కనబడతాది? ఆ రాయే గురుతు. రాయున్న కాడ ఇంకొకలు తవ్వరు. దుంపలు తీసుకుని, మొక్క తల మళ్లీ కప్పెట్టి, రాయి పెట్టీసి వస్తాం. మా అత్తకాడ నుంచీ ఇదే పద్ధతి. ఈ యేడు ఎల్లి సూద్దును కదా, ఒక్క రాయి నేదు. అంతా తవ్వీసున్నాది. ఎవులు తవ్వినారంటే, నానే తవ్వినానంతాది తడికవతల ఉన్న ఇది! చోటు ఎరికే, రాళ్లు నేవు, ఈ యేడు నువ్వొగ్గీసినావనుకున్నానంతాది. రాళ్లకి కాళ్లొచ్చినాయేటి?"

నేను వాగు పక్కన వదిలేసిన రాళ్లవి.

తడిక అవతలి నుంచి చిన్నామె వచ్చి వీధిలో నిలబడింది. ఆ రోజు ఆమె నవ్వలేదు. "కోడలా, నువ్వు సదువుకున్నదానివి. ముప్పై యేళ్లు దీని ఎనకాల నడిసినాను. నాను దాని రాళ్లు తీసీసి తవ్వుతానా? నువ్వు సెప్పు," అంది.

ఆమె నా మొహంలోకే చూస్తోంది. నేనే తీశానత్తా అంటే సరిపోయేది. మూడు నిమిషాల్లో తడిక ఊడిపోయేది. పెద్దామె నన్ను నాలుగు తిట్టేది, ఇద్దరూ కలిసి మరో నాలుగు తిట్టేవారు. నేను తల దించుకుని, బస్సు టైమైందని చెప్పి లేచాను. భయం వేసిందంతే. దానికి ఇంకే పెద్ద కారణమూ లేదు.

ప్రాజెక్టుకి మంచి పేరు వచ్చింది. పూవు రంగు చెడకుండా అణచానని అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. ప్రతి ఏడూ చైత్రం రాగానే ఈసారి వెళ్లి చెప్పేస్తాననుకునేదాన్ని. ఈపాటికి వాళ్లు కలిసిపోయే ఉంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. పెద్దమ్మ తన కూతురి దగ్గరికి వెళ్లిపోయాక ఆ ఊరి కబురు చెప్పేవాళ్లు కూడా లేకపోయారు.

కిందటేడు చైత్రంలో విద్యార్థులను తీసుకుని ఆ కొండకే వెళ్లాను. వాళ్లను రోడ్డు పక్క టీకొట్టు దగ్గర ఉంచి ఒక్కదాన్నే ఊళ్లోకి నడిచాను. అరుగు మీద పెద్దామె ఒక్కతే కూర్చుని అడ్డాకులు కుడుతోంది. చూపు తగ్గింది, అయినా గొంతు వినగానే గుర్తుపట్టింది. తడిక లేదు. నా మనసు ఒక్కసారిగా తేలికపడింది.

"చిన్నత్తేదీ?" అని అడిగాను.

"పచ్చకామెర్లొచ్చి పోనాది. రొండేళ్లయింది," అంది చేతిలో ఆకు ఆపకుండా. "అది పోనాక తడిక తీసీసినాను."

"అప్పటికైనా మాట్లాడుకున్నారా అత్తా?"

"నేదు. మంచంలో ఉన్నప్పుడు రమ్మని కబురెట్టింది. దొంగ మొకం సూడనన్నాను. ఊపిరి పోయి వాకిట్లోకి దింపినాకే సూసినాను."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. కాగితాలు, తెగిన తాడు, పూల మధ్య ఏరిన రాళ్లు, వాగు ఒడ్డు, అన్నీ వరసగా చెప్పాను. మాఘమాసంలో తెలిసి కూడా నోరు విప్పలేదని చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. నా ఏడుపు మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె చేతులు ఆగిపోయాయి. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నాకు సెప్పీసినావు," అంది. "దానికెవులు సెప్తారు?"