రజియా ఆపా కడగకుండా వదిలిన పువ్వు

రజియా ఆపా మరణవార్త నాకు గురువారం పొద్దున అందింది. షాద్‌నగర్‌లో మా ఫ్యాక్టరీలో ఇనుప రింగుల మందం కొలుస్తున్నాను. ఫోన్ చేసింది శ్రీలతక్క. "తమ్మీ మల్లేశ్, ఆపా లేదు" అన్నది. ఊపిరాడక నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోతుంటే తొవ్వలోనే ప్రాణం పోయిందట. చేతిలోని వెర్నియర్ బల్ల మీద పెట్టి కూర్చుండిపోయాను. దుఃఖం రావడానికి కొంచెం సమయం పట్టింది. దానికంటే ముందు వచ్చిన ఆలోచన వేరు: ఈ కబురు ముందు శ్రీలతక్కకు తెలిసింది, నాకు కాదు. సంస్మరణలో రాయదగిన మాట కాదిది. కానీ ఆపా గురించి నేను నిజం రాయాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆపా అచ్చంపేటలో ఒక ప్రైవేటు బడిలో చాలా ఏళ్లు డ్రాయింగ్ టీచరు. ఆమె భర్త ఖాజా భాయ్‌ది గాజుల దుకాణం. బడి మానేశాక తన ఇంటి వరండాలో, అడిగినవాళ్లకల్లా పూలు వేయడం నేర్పింది. వచ్చినవాళ్లు చాలామంది, నిలిచినవాళ్లు ఇద్దరమే. ఒకరు అదే వీధిలో బట్టలు కుట్టే శ్రీలతక్క. ఆమె రోజూ పోయేది. రెండోవాణ్ని నేను, ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవాణ్ని.

ఆపా పద్ధతి చెప్పాలి. నానబెట్టిన తుమ్మబంకలో సుద్దపొడి కలిపి, ఆ తెల్లటి బంకతో తెల్లకాగితం మీద పువ్వు వేయాలి. అది కంటికి సరిగా ఆనదు. ఆరాక కాగితమంతటికీ నల్ల ఇంకు పూయాలి. కుంచె ఒకసారి పోయిన చోటికి మళ్లీ పోకూడదు, పోతే కింద బంక కదులుతుంది. ఇంకు ఆరాక కాగితం అంటించిన చెక్కపలకను వాలుగా పట్టుకుని నీళ్లు పోయాలి. బంక కరిగి, తన మీది ఇంకును తీసుకుని జారిపోతుంది. బంక లేని చోట ఇంకు నిలుస్తుంది. నలుపులోంచి తెల్లటి పువ్వు బయటపడుతుంది. నీటిరంగులు వేయడం ఆ తర్వాతి పని.

మొదటిసారి నేను పెన్నులో పోసే సిరా సీసా పట్టుకుపోయాను. నీళ్లు పోయగానే బంకా పోయింది, సిరా కూడా పోయింది. ఆపా నీలంగా మారిన గచ్చు చూసి, "కాగితం మంచిగ ఉతికినవు బేటా, ఇగ తీగ మీద ఆరెయ్యి" అన్నది. అప్పటి నుంచి నీళ్లకు చెదరని ఇంకే వాడాను. నోటుబుక్కులో గడులు గీసి బంక ఎన్ని గ్రాములు, నీళ్లు ఎన్ని, ఎన్ని నిమిషాలు ఆరింది అన్నీ రాశాను. ఏడాది తిరిగేసరికి నా పువ్వుల్లో తప్పు లేకుండా పోయింది. ఒక తంగేడు గుత్తి చూపిస్తే ఆపా చాలాసేపు చూసింది. "మంచిగున్నది. కానీ జర ఫొటోకు నిలవడ్డట్టున్నది" అన్నది. ఆ రోజే శ్రీలతక్క వేసిన జిల్లేడు కూడా చూసింది. దాని ఒక పక్క ఇంకు అంటుకుని చెడిపోయింది. అయినా దాన్ని గోడకు తగిలించింది. నాది ఇంటికి తీసుకుపోయాను.

ఆపా తన సంతకం కూడా బంకతోనే చేసేది, ఇంకు పూయకముందే. పువ్వు వస్తుందో చెడుతుందో తెలియకముందే పేరు ఎందుకని అడిగాను. "చెడిపోయింది గూడ నాదే గద బేటా. పక్కింటోళ్ల పేరు రాయాల్నా?" అన్నది. నేను మాత్రం పువ్వు సరిగ్గా వచ్చిందని తేల్చుకున్నాకే, ఎండిన కాగితం మీద పెన్నుతో సంతకం చేసేవాణ్ని. ఆమె ఎన్నడూ వద్దనలేదు. అదే నాకు మండేది. తప్పని అంటే వాదించేవాణ్ని.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించింది పలక. కడిగేటప్పుడు పలక పట్టేది ఆపా, లేకుంటే శ్రీలతక్క. పలక ఎటు వంచితే నీళ్లు అటు పోతాయి, పువ్వు వాళ్ల చేతుల్లోనే తేలుతుంది. నాకు ఎప్పుడూ చెంబు ఇచ్చేవాళ్లు. ఆరేళ్లలో మూడుసార్లు పలక అడిగాను, ఏ రోజు అడిగానో కూడా రాసి పెట్టుకున్నాను. మూడుసార్లూ ఆపా, "నువ్వు పొయ్యి బేటా" అన్నది. చెంబుతో నీళ్లు ఎవరైనా పోస్తారని నాకు అనిపించేది. ఆమె చేతిలో ఉన్నది నాకు రాదు, సరే. శ్రీలతక్కకు రావడం ఎట్లా అని బస్సులో షాద్‌నగర్ దాకా ఆలోచించేవాణ్ని.

పదో రోజు చేసే దస్వా అయిన మర్నాడు, ఆదివారం, ఖాజా భాయ్ మమ్మల్ని ఇద్దరినీ పిలిచాడు. లోపలి నుంచి ఒక పలక తెచ్చి వరండాలో పెట్టాడు. దాని మీద కాగితం పూర్తిగా నల్లగా ఉంది. పోయే ముందు రోజు, బుధవారం, ఆపా దానికి ఇంకు పూసిందట. కింద ఏ పువ్వుందో ఆయనకు తెలియదు. "మీరే కడగాలె. నాకైతే చేతులు వస్తలేవు" అన్నాడు.

నా నోటుబుక్కు ప్రకారం ఇంకు పూశాక వారం దాటితే బంక సరిగా కరగదు. ఇప్పటికి పదకొండు రోజులు. చెడిపోతే ఆమె చివరి పువ్వు మా చేతుల్లో పోయినట్టే. పలక ఈసారి నాకివ్వమని అడగాలనుకున్నాను. అడగకముందే శ్రీలతక్క పలక ఎత్తి, చెంబు నా వైపు జరిపింది. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో, ఆమె పలక దించింది.

"నీకు పలక గావాల్నా తమ్మీ? నాకు చెంబు గావాలె. రెండుసార్లు అడిగిన. ఇయ్యలే. 'నువ్వు పువ్వును జూస్తవు, నీళ్లను జూడవు. నీళ్లు మల్లేశే పొయ్యాలె, వాడు పోస్తే ధార తెగది' అన్నది. నేను దినాం ఇక్కడనే ఉంటి గద, సోమారం ఇంకు వూస్తే బుధారం కడగొచ్చు. కడగనియ్యలే. వారమంత నీకోసం ఆపేది. ఇంటికి పోయి మస్తు ఏడ్చేదాన్ని."

ఆదివారం ఆపాకు వీలైన రోజు గనుక అప్పుడు కడుగుతారని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఈ కాగితం కూడా నా ఆదివారం కోసమే ఆగింది. ఆమె ఆగలేకపోయింది.

శ్రీలతక్క పలక పట్టుకుంది. నేను పై అంచు నుంచి సన్నగా పోశాను. చాలాసేపు ఏమీ కదలలేదు. రెండో చెంబు సగమయ్యాక కుడి మూలలో ముందు ఆమె సంతకం తెల్లగా తేలింది. ఖాజా భాయ్ ముఖం తిప్పుకున్నాడు. తర్వాత గునుగు పూలు, ఒకదాని వెనుక ఒకటి, గాలికి పక్కకు వంగినట్టు వచ్చాయి. అడుగున రెండింటికి ఇంకు పట్టుకుని వదల్లేదు. తెల్లరంగుతో వాటిని సరిచేయడం నాకు వచ్చు. చేయలేదు. రంగులు కూడా మేం వేయలేదు. ఆ కాగితం ఇప్పుడు గాజుల దుకాణంలో, నలుపు తెలుపుల్లోనే ఉంది.

అట్లా నీళ్ల కోసం వారమంతా ఆగే మనిషి ఈ జిల్లాలో మళ్లీ దొరకరు. నల్లమల అంచున అరుదైన ఒక విద్యను నిలిపిన ఆ చేతులకు నమస్కరిస్తున్నాను.

నా ధార తెగదని ఆపా అన్న ఆ ఒక్క మాట శ్రీలతక్క విన్నది. నేను వినలేదు. ఆ అసూయ మాత్రం నన్ను విడిచేది కాదు.