గీకిన చోటే మళ్ళీ

మా ఆయన బతుకంతా కార్ల తుప్పు గీకడంలోనే గడిచింది. మా తమ్ముడి షెడ్డులో అందరూ ఆయన్ని తుప్పు మేస్త్రి అనేవారు. తుప్పు మీద రంగేసే వాళ్ళంటే ఆయనకి ఒళ్ళు మంట. "మెరిసే రేకు కనపడేదాకా గీకు, గాలి తగిలేలోపు ప్రైమర్ కొట్టు. ఇంతకు మించి ఏముందిరా ఈ పనిలో?" అని పనివాళ్ళని కసిరేవారు.

ఓరోజు ప్రైమర్ డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి, పాలగిన్నె షెడ్డుకి పట్టుకెళ్ళారు. పొట్ట పట్టుకుని నవ్వాను, బుద్ధిలేక. ఆ తర్వాత ఆయన ఇంటికి దారి మర్చిపోయారు. అప్పుడు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

"మెదడు దాని సైజుకి మించి ఆక్సిజన్ వాడుకుంటుందమ్మా" అంది ఆవిడ. "అలా వాడుకునేటప్పుడు నిప్పురవ్వల్లాంటివి పుడతాయి. వయసులో ఉన్నప్పుడు ఒళ్ళే వాటిని ఆర్పేసుకుంటుంది. వయసు మళ్ళేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. ఈ మతిమరుపు జబ్బులో మరీనూ. కణాలు పాడైపోతాయి. జబ్బుకి ఇదొక్కటే కారణం కాదనుకోండి."

"అంటే తుప్పేగా?" అన్నారు మా ఆయన.

"దాదాపు అలాంటిదే."

ఆయన మొహం వెలిగిపోయింది. "మరి ఆలస్యం దేనికండీ, గీకెయ్యండి!"

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. వెంటనే తల దించుకుని, గీకడానికి దారి లేదంది. విటమిన్ మాత్రలు వేస్తేనో అన్నాను. వాటితో ఈ జబ్బు ఆగుతుందని రుజువు లేదంది. అయినా దారిలో కొన్నాను. కొనక ఏం చెయ్యను?

ఇంట్లో బాత్రూమ్ ఎటో తెలియని మనిషికి, షెడ్డులో మాత్రం చేతులు వాటంతటవే ఆడేవి. ఆ పని కూడా పోతే ఇక ఆయనలో ఆయన మిగలరని నా భయం. తమ్ముడి కాళ్ళావేళ్ళా పడ్డాను. వాడు ఒప్పుకున్నాడు, చేత్తో గీకడానికి గరుకు కాగితం ఇచ్చి, కరెంటుతో గీకే గ్రైండర్ మాత్రం దాచేశాడు. చిక్కల్లా ఒకటే, గీకేశానని ఆయనకి గుర్తుండదు. అందుకని పక్కనే స్టూలేసుకుని కూర్చుని, అయిపోయిన చోటు చుట్టూ సుద్దముక్కతో గీత గీసేదాన్ని. "గీత లోపల ముట్టుకోకండి" అంటే, "నాకే పని నేర్పుతున్నావటే ఏమేవ్!" అని గయ్యిమనేవారు. ఆ కసురు వింటే నాకు ప్రాణం లేచొచ్చేది.

నిన్న మంచినీళ్ళకని లేచాను. వచ్చేసరికి గ్రైండర్ రొద. ఎక్కడ దొరికిందో ఏమో! సుద్దగీతని మురికనుకుని తుడిచేసి, శుభ్రంగా ఉన్న కారు తలుపునే మళ్ళీ గీకుతున్నారు. రేకు పలచబడి, నా పిడికిలి పట్టేంత చిల్లు పడింది. పరుగెత్తి ప్లగ్గు పీకేశాను.

"తలుపు పోతే పోయిందిలే అక్కా, మార్చిస్తాను. చెయ్యి తెగుంటే ఏమయ్యేది? బావని ఇక తీసుకురావద్దు" అన్నాడు తమ్ముడు. వాడి కళ్ళనిండా నీళ్ళు. నేనెవర్ని తిట్టను? వాడినా, డాక్టరమ్మనా, పీల్చే గాలినా? ఆయన దగ్గరికెళ్ళాను.

"పదండి, ఇంటికెళ్దాం."

ఆయన లేచి గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. పెళ్ళైన నాటి నుంచి నన్ను ఏమేవ్ అని తప్ప పిలిచి ఎరగని మనిషి, కస్టమర్లతో మాట్లాడే నెమ్మదైన గొంతుతో అన్నారు:

"లోపల్నుంచి తినేసిందమ్మా. మీ దగ్గర అబద్ధమెందుకు, ఇది నా వల్ల కాదు. ఒకసారి మీ ఆయన్ని పంపండి, ఆయనతో మాట్లాడతాను."

"అలాగేనండీ, పంపిస్తాను" అన్నాను.