మిస్సీ అప్ప చూసిన పాదాలు

మిస్సీ అప్ప ఇక లేదని పోయిన వారం, మంగళవారం ఉదయం మా చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను పట్టణ గ్రంథాలయంలో ఉన్నాను. ఏ పేజీలో ఉన్నానో కూడా చూసుకోకుండా పుస్తకం మూసేసి బయటికి వచ్చాను. ఎనభై ఏళ్ల మనిషి నిద్రలో కన్నుమూస్తే సహజ మరణం అంటారు. కావచ్చు. ఆమె బతికి ఉండగా మనం ఆమె మాటకిచ్చిన విలువలో మాత్రం సహజమైనది ఏదీ లేదు.

అసలు పేరు అప్పలనరసమ్మ. సుంగై సిపుట్ అనే ఊరి వైపు ఒక రబ్బరు తోట ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. ఈ మలయా దేశంలో నర్సును మిస్సీ అంటారు. మన తెలుగువాళ్లు దాని పక్కన ఒక అప్పను చేర్చి ఆమెను అందరికీ అక్కను చేశారు. పని విరమించాక కూడా షుగరు జబ్బున్న వాళ్ల పాదాలు చూడడం మానలేదు. ఒక ప్లాస్టిక్ స్టూలు, చేపలు పట్టే నైలాన్ దారం ముక్క, అంతే ఆమె సరంజామా. కళ్లు మూసుకోమని దారం కొసతో అరికాలిని తాకేది. ఎక్కడ తాకిందో చెప్పలేకపోతే ఆ పాదంలో నరాలు చచ్చాయని లెక్క. ఆ తర్వాత వేళ్ల సందులు ఒక్కొక్కటే విడదీసి చూసేది. పుండు పుట్టేది అక్కడే, ఎవరూ చూడనిదీ అక్కడే.

"నెలకోపాలి మోటారుసైకిలు టైరు వంగి సూసుకుంటావు. నీ కాలు సూసుకోడానికి నడుం వంగదేటి?" అని అడిగేది.

దహనానికి ఆరోగ్య శాఖ అధికారి ఒకాయన పెద్ద పూలచక్రంతో వచ్చాడు. ఆమెను ప్రజారోగ్యానికి దీపస్తంభం అన్నాడు. ఆమె రాసిన ఉత్తరాల్లో ఒక్కదానికీ జవాబు రాయని మనిషి, ఆమె శవం ముందు చదవడానికి మాత్రం రెండు పేజీలు రాసుకొచ్చాడు. ఆ ఉత్తరాల్లో ఏముందో ఆయన చెప్పలేదు గనుక నేను చెప్తాను.

మా బావ అప్పలనాయుడు ఫ్యాక్టరీలో సూపర్వైజరు. ఏళ్ల తరబడి షుగరు మనిషి. మూడు నెలలకోసారి క్లినిక్కుకు వెళ్లేవాడు. రక్తం తీసేవారు, మాత్రలిచ్చేవారు, నిగనిగలాడే కాగితం మీద పాదం బొమ్మ అచ్చేసిన కరపత్రం చేతిలో పెట్టేవారు. బొమ్మ పాదం చూపించిన వాళ్లలో ఒక్కరూ ఆయన పాదం చూడలేదు. బూట్లు విప్పమన్న వాడే లేడు.

ఒక ఏడు అమ్మవారి ఉత్సవంలో బావ కంకణం కట్టుకుని నిప్పుల గుండం తొక్కాడు. మిగతావాళ్లు పరుగెత్తారు. ఈయన పెళ్లిమండపంలోకి నడిచినట్టు నింపాదిగా నడిచాడు. జనం వేపాకులు విసిరి కేకలు పెట్టారు. గుడి అధ్యక్షుడు దండ వేశాడు. గుండం చివర కాళ్లు చల్లార్చుకునే పాలగుంట దగ్గర నిలబడి ఉన్న మిస్సీ అప్ప మాత్రం కూలబడి ఆయన పాదం ఒళ్లోకి లాక్కుంది.

"ఏటి నాయుడూ, సురుక్కుమన్నేదా?"

"అమ్మోరి దయ అప్పా. ఏటీ తెలీనేదు."

"దయ కాదురా సన్నాసీ. నరాలు సచ్చిపోనాయి. తోలు ఊడొచ్చీసింది, సూసుకో."

అధ్యక్షుడికి కోపం వచ్చి, మాట చివర ఈ దేశపు 'లా' తగిలించి అరిచాడు. "గుడిలో ఆ మాటలేటి? పో లా, మీ ఆసుపత్రిలో సెప్పుకో!"

"ఆసుపత్రికే తీసుకుపోతాను, బండి తీయండి."

బావ వెళ్లలేదు. "వద్దప్పా. ఆడకెళ్తే కాలు పోతోంగ్ సేసేత్తారు లా" అన్నాడు. కోసేస్తారని భయం. పసుపు రాసుకుని ఇంట్లో కూర్చున్నాడు. కోత భయంతో ఆగిన ఆ మూడు వారాలే కోత తెచ్చాయి. మోకాలి కింద నుంచి తీసేశారు.

జబ్బు తెచ్చిన మొద్దుతనాన్ని దేవత అనుగ్రహమని దండ వేసిన ఘనత మనది. నేను కళాశాల మెట్లెక్కలేదు. అయినా గ్రంథాలయంలో ఒక లావుపాటి వైద్య గ్రంథం నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఆమె చెప్పిందంతా అందులో ఉంది. వెళ్లి చదివి వినిపిస్తే, "రాసినోడు పాదం ముట్టుకున్నోడే. తెలిసిపోతంది" అంది. అంతకంటే పెద్ద సమీక్ష నేను వినలేదు.

అప్పుడు మొదలయ్యాయి ఆరోగ్య శాఖకు ఉత్తరాలు. ఆమె అడిగింది ఒక్కటే: షుగరు రోగి వస్తే రక్తం తీసేలోపు చెప్పులు విప్పించి పాదాలు చూడాలి, అది నియమం కావాలి. జవాబు రాకపోతే ఆఫీసుకే వెళ్లాం. పూలచక్రం అధికారే అప్పుడూ ఉన్నాడు. అవగాహన వారం జరుపుతున్నామనీ, గోడపత్రికలు వేశామనీ, ఇక పాదాలు చూడడానికి సమయం లేదనీ సెలవిచ్చాడు.

మిస్సీ అప్ప మలయ్ భాషలో అడిగిన దానికి నా తెలుగు ఇది: "ఈ దేశంలో ఎవరింటికెళ్లినా గుమ్మంలోనే చెప్పులు విప్పుతాం. మలయ్ ఇల్లైనా, చైనా ఇల్లైనా, మాదైనా. మీ క్లినిక్కు గుమ్మంలో మాత్రం ఎందుకు విప్పరు?"

ఆయన నవ్వి, పైకి నివేదిస్తానన్నాడు. ఆ పై ఎక్కడుందో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

గుండానికి ముందు పాదాలు చూస్తానంటే గుడివాళ్లు రెండేళ్లు మొండికేసి చివరికి లొంగారు. బుద్ధి పుట్టి కాదు, రెండో ఏడు గుండం తొక్కి అధ్యక్షుడి తమ్ముడు బొటనవేలు పోగొట్టుకున్నాడు గనుక. అప్పటి నుంచి కంకణం కట్టేముందు మిస్సీ అప్ప దారం తాకాలి. తాకింది తెలియని వాళ్లకు గుండం లేదు. తిట్టుకుంటూ ఇంటికి పోయిన వాళ్లంతా ఇవాళ రెండు కాళ్ల మీద నడుస్తున్నారు. క్లినిక్కు మాత్రం లొంగలేదు.

నాకూ షుగరుంది. మొన్న సోమవారం నా వంతు. ఎవరూ అడగకుండానే బూట్లూ మేజోళ్లూ విప్పి కుర్చీలో కాళ్లు చాపాను. కొత్తగా వచ్చిన డాక్టరమ్మాయి కంగారు పడింది.

"ఏమైంది అంకుల్, దెబ్బా?"

"దెబ్బ లేదమ్మా. చూడు."

ఆ పిల్ల మంచిది. విసుక్కోలేదు. వంగి రెండు పాదాలూ చూసి, బాగున్నాయంది. వేళ్ల సందులు విడదీయలేదు. అలా చూడాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేర్పగల మనిషిని బుధవారం మేమే కాల్చి వచ్చాం.