మోకాలి వాపు వెంట కనెటికట్ దాకా

మా అమ్మాయి ఆద్యకి పదమూడేళ్లు. టెక్సాస్‌లోని ప్లేనోలో మిడిల్ స్కూల్ వాలీబాల్ టీమ్‌లో ఆడుతుంది. సెప్టెంబరులో ఒక సాయంత్రం ప్రాక్టీస్ నుంచి వచ్చి కారు దిగబోతే కుడి మోకాలు మడత పడలేదు. చూస్తే చిన్న బత్తాయి పండంత ఉబ్బి ఉంది. ఆటలో పడి ఉంటుందనుకున్నాం. ఎక్స్‌రే తీశారు, ఎమ్మారై తీశారు. ఎముక బాగానే ఉంది, లోపల నీరు చేరిందంతే అన్నారు. ఆ నీరు తీసి ఫిజికల్ థెరపీకి పంపారు. వ్యాయామం చేస్తూ ఆద్య మొహం చిట్లిస్తే, కొంచెం ఓర్చుకోమని నేనే వెంటపడి చేయించాను. రెండు వారాలు తగ్గినట్టే తగ్గి మళ్లీ వాచింది. ఈసారి మా పిల్లల డాక్టరు, ఇది చిన్న వయసులో వచ్చే కీళ్లవాతం కావచ్చనీ, అదే అయితే ఏళ్ల తరబడి మందులు వాడాల్సి రావచ్చనీ, స్పెషలిస్టును కలవమనీ చెప్పారు. అపాయింట్‌మెంట్ ఏడు వారాల తర్వాత దొరికింది. ఆ మాట విన్న రోజు ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారు ఆపి, దిగకుండా అరగంట అలాగే కూర్చుండిపోయాను.

కనెటికట్‌లో ఉండే మా పిన్ని కూతురు వసుధక్కకి ఫోన్‌లో ఇదంతా చెప్పాను. ఆద్య జులైలో మూడు వారాలు వాళ్లింట్లోనే ఉండి వచ్చింది. అక్క నా మాట పూర్తి కానివ్వలేదు. "మోకాలు వాస్తే ఇక్కడ మొదట అడిగేది టిక్ కరిచిందా అనే. మీవాళ్లెవరూ అడగలేదా?" అంది. ఎవరూ అడగలేదు. టిక్ అనే చిన్న పురుగు కరిస్తే వచ్చే లైమ్ జబ్బు టెక్సాస్‌లో అరుదు కాబట్టి ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. మర్నాడు అక్క తన ఫ్యామిలీ డాక్టరు దగ్గర ఎవరో రద్దు చేసుకున్న శుక్రవారం ఉదయం స్లాట్ పట్టుకుంది. ఆ జబ్బుకి చేసే రక్తపరీక్ష మా ఊళ్లోనే చేయించుకోవచ్చని నాకప్పుడు తెలియదు. తెలిసినా వెళ్లేదాన్నేమో. ఈ జబ్బును ఎన్నోసార్లు చూసినవాళ్ల ముందు నా పిల్లను కూర్చోబెట్టాలని అంత గట్టిగా అనిపించింది. మా ఆయన రవికి ఆ వారం ఆఫీసులో ఆన్‌కాల్ డ్యూటీ ఉండడంతో మేమిద్దరమే బయలుదేరాం.

గురువారం ఉదయం తొమ్మిదింటికి డాలస్ నుంచి హార్ట్‌ఫర్డ్‌కి డైరెక్ట్ ఫ్లైట్. చివరి నిమిషంలో బుక్ చేసినందుకు మనిషికి మూడువందల నలభై డాలర్లు అయింది. వీల్‌చెయిర్ అడిగానని తెలిసి ఆద్య సెక్యూరిటీ దాకా కుంటుకుంటూ నడిచే వచ్చింది. గేటుకి దూరం చూశాక మాత్రం మెల్లగా అందులో కూర్చుని, హుడీ ముఖం మీదికి లాక్కుంది. ప్రయాణం మూడున్నర గంటలు. అక్కడి టైము టెక్సాస్ కంటే గంట ముందు కాబట్టి దిగేసరికి ఒకటిన్నర. నడవా పక్క సీటు అడిగి తీసుకుంటే కాలు చాపుకోవడానికి వీలుగా ఉంటుంది.

అక్క ఆఫీసులో ఉండడంతో ఎయిర్‌పోర్ట్ నుంచి క్యాబ్ తీసుకున్నాం. యాభై నిమిషాల దారికి డెబ్బై డాలర్లు. డ్రైవర్ అరవై దాటిన పెద్దాయన. ఆద్య మోకాలు చూసి, ఎక్కడి నుంచి వస్తున్నారో అడిగి, వెంటనే టిక్ మాట ఎత్తాడు. వాళ్లింట్లో కుక్కకీ, భార్యకీ, చివరికి తనకీ వచ్చి తగ్గిందట. తాళాల గుత్తికి వేలాడే, చివర చీలిక ఉన్న చిన్న రేకును చూపించి, చర్మం మీద టిక్ కనిపిస్తే దీన్ని దాని కిందికి దూర్చి నిటారుగా పైకి లాగాలని చెప్పాడు. జలుబు గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. నెల రోజులుగా ఆ మోకాలి గురించి భయం లేకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. ఆద్య హుడీ వెనక్కి తీసి, మీ కుక్క పేరేంటని అడిగింది.

వసుధక్క ఇల్లు అడవి అంచున ఉంటుంది. పెరట్లో గడ్డి ఎక్కడ ఆగిపోయి చెట్లు ఎక్కడ మొదలవుతాయో చెప్పలేం. అక్టోబరు కదా, నేలంతా ఎర్రటి ఆకులు. జులైలో ఆద్య రోజూ ఆ అంచునే రాతిగోడ మీద కూర్చుని బొమ్మలు గీసుకునేదని అక్క చెప్పింది. ఆ రాత్రి చారు, బంగాళదుంప వేపుడు చేసి, తన చేత్తో కలిపి ఆద్యకి ముద్దలు పెట్టింది. మా ఇంట్లో నేను పెట్టబోతే చిన్నపిల్లనా అనే మనిషి, పెద్దమ్మ చేతిలో మారు మాట్లాడకుండా తిన్నది.

శుక్రవారం తొమ్మిదిన్నరకి క్లినిక్. రెండు గదుల చిన్న భవనం, ముందు పోస్టాఫీసు. డాక్టరు నెరిసిన జుట్టున్న సన్నటి ఆవిడ. నేను తెచ్చిన రిపోర్టులన్నీ ఓపిగ్గా చదివి, ఆ తర్వాత కుర్చీ ఆద్య వైపు తిప్పుకుంది. వేసవిలో ఎక్కడ తిరిగావు, ఎక్కడ కూర్చున్నావు, ఒంటి మీద ఏమైనా ఎర్రటి మచ్చ కనిపించిందా, జ్వరం వచ్చిందా అని ఒక్కొక్కటే అడిగింది. ఆద్య నా వైపు చూసింది. మోకాలి వెనక మడతలో అరచేయంత ఎర్రటి మచ్చ వచ్చిందనీ, వారం ఉండి పోయిందనీ, రెండు రోజులు ఒళ్లు వేడిగా ఉందనీ చెప్పింది. ఎవరికైనా చెప్పావా అని డాక్టరు అడిగింది. ఆద్య జవాబు నాకు తెలుగులో చెప్పింది.

"నేను నీకు చెప్పాను కదా అమ్మా, వీడియో కాల్‌లో. నువ్వు దోమ అన్నావ్. గోక్కోవద్దు అన్నావ్."

నాకు గుర్తొచ్చింది. అప్పుడు మీటింగ్‌కి రెండు నిమిషాలే ఉంది. మచ్చను చూపించమని కూడా అడగలేదు. డాక్టరుకి భాష అర్థం కాకపోయినా సంగతి అర్థమైనట్టుంది. కాగితం మీద పెన్నుతో ఒక చుక్క పెట్టి, వేసవిలో పిల్ల టిక్ ఇంతే ఉంటుందనీ, కుట్టినా నొప్పి తెలియదనీ, ఇక్కడే పుట్టి పెరిగిన తల్లులు కూడా ఆ మచ్చను చూసి పురుగు కుట్టిందనే అనుకుంటారనీ చెప్పింది. ఆ చుక్క గసగసాల గింజకంటే పెద్దగా లేదు.

ఆవిడ చెప్పినదాన్ని నాకు అర్థమైన మేరకు రాస్తున్నాను. టిక్ అంటే మన పశువుల చెవుల్లో పట్టే గోమారి జాతిది. జింకల మీద ఉండే ఒక రకం టిక్ ఎలుకల నుంచి సూక్ష్మజీవిని తెచ్చుకుని మనిషికి ఎక్కిస్తుంది. మొదట మచ్చ, కొంచెం జ్వరం రావచ్చు, కొందరికి మచ్చే కనిపించదు. అప్పుడు పట్టుకోకపోతే నెలల తర్వాత కీలు వాస్తుంది, ఎక్కువగా మోకాలు. వాపు ఎంత ఉన్నా నొప్పి అంతగా ఉండదు, తగ్గుతూ మళ్లీ వస్తూ ఉంటుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఆలస్యంగా తెలిసినా యాంటీబయాటిక్‌తో చాలామందికి తగ్గిపోతుంది. రక్తం తీసి, ఫలితం నాలుగైదు రోజుల్లో వస్తుందనీ, దాని కోసం మేము అక్కడ ఉండనక్కర్లేదనీ చెప్పింది. మా ఇన్సూరెన్స్ అక్కడ చెల్లలేదు కాబట్టి విజిట్‌కి రెండువందల నలభై కట్టాను.

పక్క వీధిలో ఉన్న డైనర్‌లో తినడానికి కూర్చున్నాం. వంట చేసే ఆవిడ కౌంటర్ వెనక నుంచి చూసి, అడక్కుండానే తుండుగుడ్డలో ఐసు చుట్టి తెచ్చి ఆద్య కాలి కింద ఇంకో కుర్చీ వేసింది. ఆవిడ వెళ్లాక నేను నోరు విప్పాను. "సారీ నాన్నా. నువ్వు చెప్పినప్పుడు నేను వినలేదు. ఎక్సర్‌సైజ్ చేయమని కూడా వెంటపడ్డాను."

ఆద్య పాన్‌కేక్ ముక్క కోస్తూ ఆగింది. తను కూడా ఒకటి చెప్పలేదంది. వాపు కనిపించడానికి వారం ముందే నొప్పి మొదలైందట. చెబితే టీమ్‌లోంచి తీసేస్తారని దాచిందట. "ఐ వజ్ స్కేర్డ్ అమ్మా. ఇప్పుడు కూడా కొంచెం ఉంది. నడుస్తాను కదా నేను?" అంది. నడుస్తావన్నాను. డాక్టరు చెప్పారు కాబట్టి ధైర్యంగానే అన్నాను. ఆ తర్వాత తన ప్లేటులో సగం నాకు తోసి, నా సూప్ తను తాగేసింది.

ఆదివారం తిరిగొచ్చాం. మంగళవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, లైమ్ అని తేలింది. ఆ డాక్టరు మా ప్లేనో డాక్టరుతో స్వయంగా మాట్లాడింది. ఆయన సాయంత్రం నాకు ఫోన్ చేసి, తను వేసవి ప్రయాణాల గురించి అడిగి ఉండాల్సిందని నిజాయితీగా ఒప్పుకున్నారు. ఆయన మీద ఉన్న కోపం ఆ ఒక్క మాటతో పోయింది, నేనూ అదే పొరపాటు చేశాను కదా. మందు దొరికింది మాత్రం మా ఇంటికి రెండు మైళ్ల దూరంలో, రోజూ పాలు కొనే దుకాణం పక్కనున్న ఫార్మసీలో. ఇరవై ఎనిమిది రోజులు, పూటకొక మాత్ర చొప్పున రోజుకి రెండు. నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వెంటనే పడుకోకూడదు, ఎండలో తిరగకూడదు, పాలూ పెరుగూ మాత్రకి దూరంగా తీసుకోవాలి. పెరుగన్నం లేకుండా నిద్రపోని పిల్ల, రాత్రి మాత్రకీ పెరుగన్నానికీ మధ్య రెండు గంటలు గడియారం చూసుకుంటూ కూర్చునేది. రవి కూడా తన పెరుగన్నం ఆపుకుని తోడు కూర్చునేవాడు.

మూడో వారానికి మోకాలి చిప్ప గీత మళ్లీ కనిపించింది. కొద్దిపాటి వాపు పూర్తిగా పోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఈలోగా వాలీబాల్ సీజన్ అయిపోయింది. అందులో మిగిలిన ఆటలన్నిటికీ ఆద్య బెంచి మీద కూర్చుని స్కోరు రాసింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం గరాజ్ తలుపు మీద బంతి తగులుతున్న చప్పుడు వినిపించి బయటికి వెళ్లాను. ఆద్య ఎగిరి కొడుతోంది. దిగుతోంది. మళ్లీ ఎగురుతోంది. పిలవకుండా తలుపు దగ్గరే నిలబడి చూశాను.

దాదాపు పదిహేనువందల మైళ్లు వెళ్లి మేము తెచ్చుకున్నది, వేసవిలో ఎక్కడ తిరిగావనే ఒక ప్రశ్న. మందు మా ఇంటికి దగ్గర్లోనే ఉంది. అయినా ఆ ప్రయాణం వృథా అని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంట్లో ఇన్నేళ్లు పక్కపక్కన ఉండి కూడా చెప్పుకోని మాటలు మేమిద్దరం ఆ డైనర్ బల్ల దగ్గర చెప్పుకున్నాం. మీరు ఇలాంటి ప్రయాణానికి సిద్ధమవుతుంటే, టికెట్ కొనే ముందు ఒక పని చేయండి. గత ఏడాదిలో మీ పిల్లలు ఏ రాష్ట్రాల్లో, ఎలాంటి చోట్ల ఉన్నారో పిల్లల్నే అడిగి రాసి, మీ ఊరి డాక్టరుకి ఫోన్ చేసి చదివి వినిపించండి. లైమ్ పరీక్ష అక్కడే మొదలుపెట్టవచ్చు. పిల్లలు చెప్పేటప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టి వినండి.