కమిషనర్ గారి వెనక మనిషి

రిటైరైన కమిషనర్ గారికి బీపీ లేదు, షుగర్ లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. ఫైలుసారు బాగుపడ్డాడు.

ఫైలుసారంటే ఆయన దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన డిప్యూటీ. ఆఫీసులోనైనా, సంతకాలకని కమిషనర్ గారింటికి వచ్చినా, చంకలో ఫైలు లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి డిపార్టుమెంటంతా ఆ పేరే ఖాయం చేసింది. కమిషనర్ గారు ఎక్కడికి బదిలీ అయినా పట్టుబట్టి అతన్ని వెంట తీసుకెళ్ళేవారు. ఇష్టంతో కాదు, అలవాటుతో. కళ్ళజోడు మర్చిపోతే చెయ్యి విరిగినట్టుండదూ, అలాగ.

కమిషనర్ గారి సర్వీసు ఆషామాషీది కాదు. రేవులో సమ్మె ముదిరి రాళ్ళు పడుతుంటే, పిస్తోలు ఒరలోనే ఉంచి జనం మధ్యకు నడిచివెళ్ళి, సమ్మె నాయకుడి భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకొచ్చిన మనిషి. వరదల్లో ఒక పేట మొత్తాన్ని తెల్లారేలోగా ఖాళీ చేయించారు. ఆయన అడుగుపెడితే స్టేషన్లో కుర్చీలు కూడా లేచి నిలబడతాయని చెప్పుకునేవారు. తన చేత్తో తలుపు తోసుకుని ఏ గదిలోకైనా వెళ్ళిన గుర్తు ఆయనకు లేదు. ఎవరో ఒకరు తెరిచేవారు. వెనక డిప్యూటీ. పేపర్లో పడిన ఫోటోల్లో ఆ డిప్యూటీ సగమే ఉండేవాడు: ఒక చెవి, ఒక భుజం, ఫైలు.

అలాంటివాడు ఇంకా సర్వీసు ఉండగానే ఉద్యోగం వదిలేసి, ఫ్యాక్టరీలకీ హోటళ్ళకీ భద్రత మీద సలహాలిచ్చే ఆఫీసు తెరిచాడు. నాలుగు రోజుల్లో మూసుకుంటాడని కమిషనర్ గారు నవ్వుకున్నారు. అది మూతపడలేదు సరికదా, రెండో అంతస్తు కూడా అద్దెకు తీసుకుంది. ఒక ఉదయం ఇంటావిడ పేపరు తెచ్చి ముందు పెట్టింది.

"మీ ఫైలుసారు ఫోటో పడిందండీ. ఈసారి రెండు చెవులూ ఉన్నాయి."

ఆ పూట కమిషనర్ గారికి ముద్ద దిగలేదు. నేను నేర్పిన విద్య, నేను పెంచిన మనిషి, అని పేపరు మడిచి పక్కన పడేశారు. వారం తిరక్కుండా ముందుగదిలో సోఫాలు లోపలికి జరిపించి, పెద్ద టేబుల్ వేయించి, గుమ్మానికి భద్రతా సలహాదారు అని బోర్డు కొట్టించారు. వచ్చిన వాళ్ళంతా పాత స్నేహితులు. కబుర్లు చెప్పి, టీ తాగి, బోర్డు బాగుందని మెచ్చుకుని వెళ్ళేవారు.

చివరికి ఒక పెద్దాసుపత్రి నుంచి పిలుపొచ్చింది. ఎవరో పరాయి ఆడమనిషి పసిపిల్లల వార్డులోకి దూరి, ఒక బిడ్డను ఎత్తుకుని మెట్ల దాకా వెళ్ళింది. అమ్మమ్మ కేకలు పెట్టబట్టి బిడ్డ దక్కింది. ఇద్దరు సలహాదారులు విడివిడిగా ఆసుపత్రి చూసి నివేదిక ఇవ్వాలి, ఎవరిది నచ్చితే వాళ్ళకే పని. రెండోవాడు ఎవరని కమిషనర్ గారు అడగలేదు. అడగక్కర్లేదు కూడా.

ఈ పని తనకు రావాలి. అంతకన్నా ముఖ్యం, అతనికి రాకూడదు.

మామూలు చొక్కా, ప్యాంటు వేసుకుని వెళితే తనను ఎవరూ పోల్చుకోలేరని ఆయన గట్టి నమ్మకం. ఆ గేట్ల దగ్గర కాపలా వాళ్ళలో సగం మంది పాత కానిస్టేబుళ్ళు. ఆ నిటారు వెన్ను, ఆ బూట్ల చప్పుడు వినగానే మడమలు కలిపి సెల్యూట్ కొట్టి తలుపు తీశారు. ఎన్నిసార్లు వెళ్ళినా అంతే. కమిషనర్ గారి గుండె పొంగిపోయింది. ఎవరు, ఎక్కడికి అని ఒక్కరూ అడగలేదేమని ఆయనకు తట్టనే లేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయన్ని ఏ గుమ్మం దగ్గరా ఎవరూ ఏమీ అడగలేదు మరి.

"కాపలా సిబ్బంది క్రమశిక్షణ అమోఘం. కెమెరాలు పెంచితే చాలు," అని నివేదికలిచ్చే రోజున ఆసుపత్రి డైరెక్టరమ్మ ముందు గంభీరంగా చదివారు. ఆవిడ తల ఊపింది. చిన్నప్పుడు రేవు సమ్మె గురించి విన్నానని కూడా అంది. కమిషనర్ గారు ఎదురుగా కూర్చున్న ఫైలుసారు వంక ఓరగా చూశారు.

అతను గొంతు సవరించుకున్నాడు. "నేను పసిపిల్లల వార్డు దాకా వెళ్ళానండి. ఉయ్యాల పక్కన కాసేపు నిలబడి వచ్చాను. ఎవరూ ఆపలేదు."

"ఎలా వెళ్ళారు?" డైరెక్టరమ్మ ముఖం పాలిపోయింది.

"ఒక పెద్దాయన వెనకాల. ఆయనకి సెల్యూట్ కొట్టి తలుపు తీశారు, నేనూ ఆయన మనిషినే అనుకున్నారు. మీవాళ్ళు కార్డు చూడట్లేదండి, నడక చూస్తున్నారు."

"ఎవరా పెద్దాయన?"

"అది అనవసరమండి. ఎవరి వెనకైనా జరిగేదే."

ఆ పెద్దాయన ఎవరో కమిషనర్ గారికి అర్థమైంది. డైరెక్టరమ్మ కాగితం తిప్పబోతోంది. నోరు మూసుకుంటే గండం గట్టెక్కుతుంది, కెమెరాల పనైనా దక్కవచ్చు. కానీ తన పరువు కాపాడింది ఎవరు? వీడా? తనమీద జాలిపడేంత వాడయ్యాడా? ఒళ్ళు భగ్గుమంది.

"ఆ పెద్దాయన నేనే," అన్నారు.

ఇంత నిజాయితీ అరుదని డైరెక్టరమ్మ మెచ్చుకుంది. నిజాయితీ లేదు, పాడూ లేదు. వట్టి కుళ్ళు. అతని దయమీద ఒక్క నిమిషం బతకడం చేతకాక అన్న మాట అది. పని మాత్రం ఫైలుసారుకే వెళ్ళింది.

బయట వరండాలో ఆపి అడిగారు. "ఎన్నిసార్లు వచ్చావయ్యా నా వెనక?"

"మీరు వెళ్ళిన ప్రతిసారీ సార్."

"నేను తిరిగి చూసుంటే?"

"మీరు చూడరు సార్," అన్నాడతను. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఎండగా ఉందని చెప్పినట్టు చెప్పాడు. ఆ తర్వాత కాస్త మొహమాటపడుతూ, ఈ పనిలో తనతో కలుస్తారా అని అడిగాడు. చూద్దాంలే, అన్నారు కమిషనర్ గారు, పాత ఆఫీసు గొంతుతో.

ఇంటికొచ్చి ముందుగదిలో కూర్చున్నారు. ఇంటావిడ టీ తెచ్చింది.

"ఎవరికొచ్చిందండీ?"

"వాడికే. నన్నూ రమ్మంటున్నాడు. రేపు మాట్లాడ్డానికి ఇంటికొస్తాడట."

"మరి మీకెందుకంత మంట?"

ఆయన టీ కప్పు పక్కన పెట్టారు. "నా నడక, నా మెడ తిరగదన్న సంగతి, అన్నీ వాడికి తెలుసు. నన్ను అంత చదివాడు. నాకు వాడి గురించి ఏం తెలుసు? రేపొస్తే టీలో పంచదార ఎంత వెయ్యాలో కూడా తెలీదు."

"అసలు వేసుకోడండీ," అందావిడ.