కారం డబ్బాలో డాలర్లు

అద్దంకిలో ఎవరికి పాస్‌పోర్టు వచ్చినా ముందు మా పురుగుమందుల షాపు బెంచీ మీద కూర్చోవాల్సిందే. మా ఆయన పేరయ్యగారు అనుగ్రహభాషణం చేస్తారు. "ఎయిర్‌పోర్టులో డబ్బు మార్చకండి, రేటు గిట్టదు. డబ్బంతా ఒకేచోట పెట్టకండి. కార్డు గీకితే బ్యాంకువాడు తోలు ఒలిచేస్తాడు." ఇంత జ్ఞానం ఎక్కడిదంటారా? ఒకసారి పత్తి మందు టార్గెట్ దాటారని కంపెనీవాళ్లు డీలర్లందరినీ బ్యాంకాక్ తీసుకెళ్లారు. టీనీళ్ల దగ్గర్నుంచి అన్నీ వాళ్లే కొనిపెట్టారు. ఈయన ఆ దేశం నోటు చూసిన పాపాన పోలేదు.

పోయినేడు మళ్లీ టార్గెట్ దాటారు. ఈసారి జంటకి మలేషియా. టికెట్లు, హోటలు గది కంపెనీవి, పైఖర్చులు మావి. నాకు అక్కడ కావాల్సింది ఒక్కటే. పెళ్లయిన దగ్గర్నుంచి తెల్లారగట్లే లేచి ఇంటిల్లిపాదికీ కాఫీ ఇస్తున్నదాన్ని. ఒక్కసారైనా మంచం దిగకుండా, ఎవరో కాచి తెచ్చిన కాఫీ తాగాలి. అబ్బో, ఎంత గొంతెమ్మ కోరికో!

ప్రయాణం ముందురోజు మా ఆయన వంటింట్లోకి వచ్చారు. దారి తెలిసినందుకే ఆశ్చర్యపోయాను. డాలర్లన్నీ కవర్లో చుట్టి, నూనె పట్టించిన కారం డబ్బాలో అడుక్కి కూరారు.

"అంతా ఒకేచోట పెట్టొద్దని ఊరందరికీ చెప్తారుగా?" అన్నాను.

"పిచ్చిదానా, అది ఊరికి. గుంటూరు కారంలో చెయ్యి పెట్టే దొంగ ఇంకా పుట్టలేదే!"

నిజమే, దొంగ పెట్టలేదు. కౌలాలంపూర్‌లో తీసి చూస్తే కవరు చిరిగి, నోట్లన్నీ ఎర్రగా నూనె పీల్చుకున్నాయి. డబ్బు మార్చే కౌంటరు పిల్ల ఒక నోటు వెలుగులో పెట్టి చూసింది, తుమ్మింది, కళ్లు నులుముకుని ఇంకా గట్టిగా తుమ్మింది. మరకల డాలర్లు మాకొద్దంటూ మొత్తం వెనక్కి తోసేసింది. పక్క కౌంటరువాడు మమ్మల్ని చూస్తూనే చెయ్యి అడ్డంగా ఊపాడు.

హోటల్లో మా పేరు మీద గది ఉంది. డిపాజిట్ కడితేగాని తాళం ఇవ్వరట. కార్డేమో తోలు ఒలుస్తుందని ఇంట్లోనే వదిలొచ్చారీయన. ఎదురుగా గోడ మీద పెద్ద ఫొటో: మంచం మీద ఒకావిడ, చేతిలో కప్పు. నాకు కడుపు మండిపోయింది.

మా ఆయన ఫోన్లు చేసి, అక్కడ పనిచేస్తున్న పిడుగురాళ్ల కుర్రాడు, మా దూరపు చుట్టం శ్రీకృష్ణని పట్టుకున్నారు. పాపం పరుగున వచ్చాడు. "బాబాయ్, డిపాజిట్ నేను కట్టేస్తా, పైకెళ్లండి. పిన్ని అలిసిపోయింది."

ప్రాణం లేచొచ్చింది. కానీ ఊరికి సలహాలిచ్చే మనిషి కుర్రాడి దగ్గర చెయ్యి చాపుతారా? నామోషీ కాదూ! "రూమెందుకురా, మనోళ్లు ఉండగా!" అంటూ పెట్టె లాక్కుని బయల్దేరారు.

ఆ మనోళ్లంటే శ్రీకృష్ణ అద్దెగదిలో నలుగురు మగాళ్లు, ఒక పొయ్యి. మర్నాడు తెల్లారకుండానే చాప మీద నుంచి కేక: "ఏమేవ్, పిల్లలకి కాఫీ పెట్టు!" పెట్టాను. ఉన్నన్నాళ్లూ పెట్టాను. కారం మాత్రం వంటకి బాగా అక్కరకొచ్చింది.

ఇప్పుడు బెంచీ మీద కొత్త పాఠం: "విదేశంలో హోటళ్లు దండగ. మనవాళ్లింట్లో దిగండి, ఇంటి భోజనం దొరుకుద్ది." ఎవరు వండితే దొరుకుద్దో ఆ పాఠంలో లేదు.

మొన్న ఎదురింటి టీచరు నాగజ్యోతి మొదటిసారి సింగపూర్ వెళ్తూ ఆయన సలహాకి వచ్చింది. లోపలికి పిలిచి నేనే చెప్పాను. "కార్డు తీసుకో. నోట్లు శుభ్రంగా, తలో చోట పెట్టుకో. హోటలు డిపాజిట్‌కి విడిగా ఉంచుకో."

"తోడెవరూ లేరక్కా, అదే భయం," అంది.

చీటీ డబ్బు తీసి నాకూ టికెట్ కొనిపించాను. గదికి కాఫీ తెచ్చిస్తారో లేదో ముందే ఫోన్ చేయించి కనుక్కున్నాను.

బయల్దేరే రోజు మా ఆయన గుమ్మంలో నిలబడి, "మరి నా కాఫీ?" అన్నారు.

"మనోళ్లు ఉండగా మీకేం లోటండీ!" అని ఆటో ఎక్కాను.